ఇచ్చినవానికి మిగులునది

(సికిందరాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



దానము చేయుడని బోధించుటకు మేము మీ యెదుట నిలువలేదు. ఆ మాట మాకంటె ముందే మీ పెద్దలు మీకు చెప్పియున్నారు. కలిగినవానిని చూచి “పెట్టి పుట్టినవాడు” అని మన పల్లెలలో నేటికిని అందురు. వెనుకటి జన్మలో పెట్టినందుననే ఇప్పుడు కలిగినదని దాని భావము. అయితే ఇచ్చినదానికి ఫలము మరుజన్మలో గాని అందదా? ఈ జన్మలోనే, తన ఊరిలోనే, ఇచ్చినవానికి దక్కునదేమైన గలదా? ఈ ప్రశ్ననే నేడు మీతో కలిసి విచారింపదలచినాము.

ఇక్కడికి చేరువలోనే, నాటి నల్లగొండ జిల్లాలో, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోచంపల్లి గ్రామము గలదు. 1951 ఏప్రిలు నాటి మాట. అప్పటికి తెలంగాణములో భూమి కొరకు సాయుధ పోరాటము సాగుచుండెను. ఇరువైపుల రక్తము చిందినది. అనేక గ్రామములలో భూస్వాములు ఇండ్లు వీడి పట్టణములు చేరియుండిరి. ఆచార్య వినోబా భావే శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకన వచ్చి, అటనుండి ఆ కల్లోల ప్రాంతమునకే నడిచి వెళ్ళినారు. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబములవారు తమ జీవనమునకు 80 ఎకరములు కావలెనని ఆయనతో చెప్పుకొనిరి. ప్రభుత్వము ఇచ్చుట ఆలస్యమైనచో, ఈ గ్రామస్థులలో ఇవ్వగలవారెవరైన ఉన్నారా అని వినోబా అడిగినారు. శ్రీ వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదమనిరి. అడిగినది 80, ఇచ్చినది 100. భూదానోద్యమము ఆ మాటతో పుట్టినది. వినోబా ఆ తరువాత సుమారు 13 సంవత్సరములు దేశమంతట నడచినారు. 40 లక్షల ఎకరములకు పైగా దానముగా లభించినది.

పుచ్చుకొన్నవారికి దక్కినది భూమి. ఇచ్చినవారికి దక్కినదేమి? ఆ కాలమున వందల, వేల ఎకరములు గలవారు తెలంగాణములో ఎందరో ఉండిరి. వారిలో చాలమంది పేర్లు నేడు వారి మనుమలకైన సరిగా తెలియవు. రామచంద్రారెడ్డిగారి పేరు మాత్రము, ఆయన ఉంచుకొన్న భూమివలన గాక, విడిచిన భూమివలన నిలిచినది. ఆ ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయినది. పొరుగువాని కంట భయమును, ద్వేషమును చూచుచు బ్రదుకుటకంటె, అతని నమస్కారము నందుకొని బ్రదుకుట ఎంత సుఖమో పల్లెలో నివసించు మీకు మేము చెప్పనక్కరలేదు.

దానము భూస్వాములకే సాధ్యమని ఎవరైన అనవచ్చును. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు, కులము అడుగక, వేళ చూడక, అన్నము పెట్టినారు. ఆమె ఇచ్చినది పిడికెడు అన్నమే. అయినను తరములు గడచినను గోదావరి జిల్లాలలో ఆమెను తల్లిగా తలచుకొనుచున్నారు. వైనతేయ నదిపై కట్టిన అక్విడక్టునకు ఆమె పేరే పెట్టినారు.

ఇచ్చినవాడు తన దానము ఎంత దూరము పోవునో ముందుగా ఎరుగడు. ఈ సికిందరాబాదులోనే 1862లో సోమసుందరం మొదలియారుగారు నెలకొల్పిన పాఠశాల మహబూబు కళాశాలగా పెరిగినది. 1893 ఫిబ్రవరి 13న, అమెరికా వెళ్ళుటకు కొలది నెలలకు ముందు, స్వామి వివేకానందుడు అచ్చటనే ప్రసంగించినారు. పునాదిరాయి వేసిన నాడు ఆ సంగతి ఎవరు ఊహింపగలిగియుందురు?

ఇది మన దేశపు భావన మాత్రమే కాదు. 2008లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఒక చిన్న పరీక్ష జరిపిరి. 46 మందికి ఉదయమున 5 డాలర్లో, 20 డాలర్లో ఇచ్చి, కొందరిని తమ కొరకు, కొందరిని ఇతరుల కొరకు సాయంకాలములోగా ఖర్చు పెట్టుమనిరి. సాయంకాలమున విచారింపగా, ఇతరుల కొరకు ఖర్చుపెట్టినవారే ఎక్కువ సంతోషముగా నుండిరి. 5 అయినను, 20 అయినను భేదము కనిపింపలేదు. పరీక్ష చిన్నదే, కాని ఆకలిగొన్న అతిథికి అన్నము పెట్టిన ఇల్లాలు ఎరిగిన సంగతినే అదియు చెప్పుచున్నది.

చేతిలో కాసు లేనివాడును ఇవ్వగలిగినది మరియొకటి గలదు. ఈ నగరములోని గాంధీ ఆసుపత్రికి మన జిల్లాలనుండి నిత్యము రోగులు వచ్చుచుందురు. వారిలో ఎందరికో రక్తము కావలసియుండును. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి రక్తము ఇవ్వవచ్చును. తోడిన బావి ఊరినట్లు, శరీరము ఆ లోటును తానే పూడ్చుకొనును.

ఇక పంచాయతీ సభ్యులుగా మీరు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. భూదానములో వచ్చిన భూమి అంతయు పేదలకు చేరలేదు. కొంత సాగునకు పనికిరానిది. కొంత తగాదాలలో నున్నది. ఎంతో భూమి పంచబడకయే మిగిలినది. ఉదారముగా చెప్పిన మాటకు కొలత, కాగితము, హద్దురాయి తోడు కానిచో ఇట్లే జరుగును. దానము చేరనిచో పుచ్చుకొనవలసినవాడే గాక, ఇచ్చినవాడును నష్టపోవును. తానిచ్చిన స్థలములో బడికి బదులు ముండ్లపొదలు చూచినవాడు మరల ఇచ్చునా? వానిని చూచి మరియొకడు ముందునకు వచ్చునా?

కావున మీ గ్రామములో ఎవరైన బడికో, దారికో, శ్మశానమునకో స్థలమిచ్చినచో, వెంటనే కొలిపించి, దానపత్రము రిజిస్టరు చేయించి, పంచాయతీ తీర్మానములో వ్రాయుడు. చందా వసూలైనచో పైసాతో సహా లెక్కను గ్రామసభలో చదివి వినిపింపుడు. శ్రమదానమునకు వచ్చిన కూలివాని పేరును, వేయి రూపాయలిచ్చిన ఆసామి పేరును ఒకే పుటలో వ్రాయుడు. ఒకరోజు కూలి మానుకొని వచ్చినవాడు ఇచ్చినది తక్కువ కాదు. పేరు కోరని దాతను వేదిక యెక్కించి ఇబ్బంది పెట్టకుడు. పేరు కొరకే ఇచ్చినవానిని పరిహసింపకుడు. నేడు పేరు కొరకిచ్చిన చేయి రేపు ప్రేమతో ఇచ్చుట నేర్చుకొనవచ్చును.

అన్నింటికంటె ముందుగా, మీరే మొదట ఇయ్యుడు. ఒక పూట శ్రమయో, ఒక సీసా రక్తమో, బడిపిల్లలకు నాలుగు పుస్తకములో, మీ శక్తికి తగినది ఇయ్యుడు. సభ్యుడు ముందుగా ఇచ్చి పిమ్మట అడిగినచో ఊరు వినును. పదవి అయిదేండ్లకు ముగియును. ఊరికిచ్చినది మాత్రము బడిగానో, బావిగానో, చెట్టునీడగానో నిలిచి, మీరు ఆ దారిన పోవునపుడెల్ల మిమ్ము పలుకరించును. ఇచ్చినవానికి మిగులునది అదియే.