చిలుక ఆడదా, మగదా?



పెంపుడు పక్షి ఆడదో మగదో తెలియుట యెట్లని గ్రామములలో పలువురు మమ్ము అడుగుచుందురు. రామచిలుకనే తీసికొందము. ఎదిగిన మగచిలుకకు గొంతుక్రింద నల్లని చారయు, మెడవెనుక గులాబిరంగు పట్టెయు నుండును. ఆడదానికి ఈ కంఠహారము లేదు. అయితే మగపిల్లకును ఇది పుట్టుకతో రాదు. రెండు మూడేండ్లకుగాని యేర్పడదు. అంతవరకు పిల్లలన్నియు ఆడవానివలెనే కనిపించును. కావున ట్రాక్టరు మరమ్మతుకై విజయవాడ ఆటోనగర్‌కు పోయినపుడు ఎవరైన గూటిపిల్లను చూపి, "ఇది మగది, మాటలు నేర్చును" అనినచో నమ్మవలదు. మాటలు ఆడచిలుకయు నేర్వగలదు.

అంతకు మించిన విషయ మొకటి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను పట్టుట, అమ్ముట, కొనుట, పంజరమున నుంచుట నేరము. మన డెల్టాలో మోడువారిన తాటిచెట్ల తొర్రలు చిలుకల కిండ్లు. పిల్లలకై తొర్రను చీల్చినచో ఆ గూడు మరుసటి యేటికి కూడ పనికిరాదు.

పక్షిని పెంచి తీరవలెనను వారికి, బజారున లవ్ బర్డ్స్ అని యమ్ము చిన్న ఆస్ట్రేలియా చిలుకలు కలవు. ఎదిగిన మగదాని ముక్కుపై కండ నీలముగను, ఆడదానికి గోధుమరంగుగను ఉండును. తెలుపు, పసుపు రకములలో మగదానికి నీలము రాదు. వానికి ఈక పరీక్షయే నిశ్చయము.

2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ యుండవలెను. చిలుకలు గూడుపెట్టు చెట్లను ఆ కమిటీ రిజిస్టరులో వ్రాయింపుడు. చిలుకలు అమ్మువారు కనిపించినచో అటవీశాఖకు తెలుపుడు. కంఠహారమును చెట్టుమీదనే చూచి గుర్తుపట్టుట మన పిల్లలకు నేర్పుదము.