నంద్యాల తూర్పు అంచున నల్లమల

నంద్యాలలో మేడ మీద నిలబడి తూర్పుకు చూస్తే, పొలాల చివర నల్లటి గీతలా సాగే కొండలే నల్లమల. తూర్పు కనుమల్లో ఒక వరుస ఇది. హిమాలయాల పక్కన మరీ పొట్టివి, చాలాచోట్ల వెయ్యి మీటర్లు కూడా దాటవు. అయినా ఈ సీమకు ఇవి చేసిన మేలు చిన్నది కాదు.

కొండల అంచున ఉన్న మహానంది గుడి కోనేరే చూడండి. కొండ రాళ్ల సందుల్లో ఇంకిన వాన, ఊటగా పైకి వస్తుంది. అడుగున పడిన నాణెం కూడా స్పష్టంగా కనబడేంత తేట నీళ్లు! గుడి దాటగానే అవే కాలువలై అరటితోటలను తడుపుతాయి.

1880ల్లో ఈ కొండలను దాటి రైలు దారి వేశారు. బొగద దగ్గర సొరంగం తవ్వారు.

ఈ కొండల అడవిని అందరికంటే బాగా ఎరిగినవాళ్లు మాత్రం ఇక్కడి గిరిజనులు చెంచులు. తేనె, తపసి బంక సేకరించడం వాళ్ల పాత జీవనాధారం. కథ ప్రకారం, ఈ కొండల్లోని అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్ల ఇంటి అల్లుడయ్యాడు. ఎంత చక్కటి చుట్టరికమో!

ఏటా కనుమ పండక్కి స్వామి పల్లకి పారువేట అనే వేట ఉత్సవానికి బయలుదేరుతుంది. నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊరూరా ఆగుతూ, స్వామి తన కల్యాణానికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. పల్లకి దిగిన ప్రతి ఊళ్లోనూ ఆ రోజు పండగే.