మైనరు అను మాట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటాడుమని కోరినప్పుడు ఏదో యొక ప్రాచీన కావ్యమును గూర్చి చెప్పుదునని పలువురు తలచి యుందురు. నేను కళాశాల ముఖము చూచినవాడను కాను. మా తండ్రిగారి కరణీకము 1984లో ఆ పదవులు రద్దగుటతో పోయినది. నేను పిమ్మట గ్రామ లెక్కలలోనే ఉద్యోగము సంపాదించి, పగలు అడంగళ్లు వ్రాసి, రాత్రులందు ఈ గ్రంథాలయపు పుస్తకములతో చేతనైనంత చదువుకొంటిని. నేడు కావ్యముల జోలికి పోక ఒక్క ఇంగ్లీషు మాటను గూర్చి చెప్పదలచితిని. దానిని నాకు అప్పగించినవారు కార్యవర్గమువారే.

మన నిబంధనలను మరల అచ్చువేయింపనెంచి, "మైనరు సభ్యులకు ఎన్నికలలో ఓటు లేదు" అను వాక్యమునకు మంచి తెలుగు చూడుమని చిత్తుప్రతిని నా చేతికిచ్చిరి. అరుగు మీద కూర్చుండి దానిని పైకి చదువుచుండగా పొరుగింటి ముసలమ్మ విని, "మైనర్లకు లైబ్రరీలో ఏం పని నాయనా? పేకాటకు వేరే చోటు దొరకలేదా వాళ్లకి?" అని యడిగినది. నాకు మొదట నవ్వు వచ్చినది, తరువాత ఆలోచన వచ్చినది.

ఆమె అన్నది తప్పు కాదు. లాటిను భాషలో ఆ మాటకు మరియొకదానికంటె చిన్నది అనియే అర్థము. ఇంగ్లీషువారు గాయము మొదలు మరమ్మతు వరకు అంతగా లెక్కింపనక్కరలేని దానికెల్ల దానిని వాడుదురు. మన పల్లెలలోనో, మైనరనగా సిల్కు లాల్చీ, మెడలో గొలుసు, వెనుక నలుగురు స్నేహితులు. ఆ గొలుసునకు మైనరు గొలుసనియే పేరు. 1973లో 'మైనర్ బాబు' అను చలనచిత్రము కూడ వచ్చినది. చిన్నతనమును చెప్పు మాటకు ఇంత దర్జా ఎట్లబ్బినది? నాకు తోచినది చెప్పెదను. 1875 నాటి చట్టము సామాన్యులకు 18 ఏండ్లు చాలుననియు, ఆస్తి కోర్టు ఆఫ్ వార్డ్సు చేతిలో నున్నవారికి 21 నిండవలెననియు విధించినది. ఆ 21 ఏండ్ల నియమము 1999లో గాని తొలగలేదు. తండ్రి పోయిన జమీందారు బిడ్డ మీసము దువ్వుచున్నను కాగితములలో మైనరే. చేయవలసిన పని లేదు, రాబోవు ధనము మాత్రము కలదు. ఊరివారు ఆ కాగితపు మాటను తీసి కుర్రవాని నడవడికి తగిలించిరి.

ఇక తెలుగు చేయుట. అల్పము, స్వల్పము, లఘువు, కనిష్ఠము, గౌణము, అప్రధానము అని సంస్కృతపు మూట పెద్దదే. కాని విప్పి చూచిన ఒకటి చేయు పని మరియొకటి చేయదు. అల్పము వస్తువునకు తగిలిన పరిమాణము, మనిషికి తగిలిన తిట్టు. 'అల్పసభ్యులు' అని అచ్చువేసినచో మరునాడు ఏ పిల్లవాడు ఈ గడప తొక్కును? లఘువు చిన్నదే గాని, అది తొలగినచో ఉత్పలమాల నిలువదు. 'ఉప' అను దానిలో చిన్నతనముకంటె చేరికయే ఎక్కువ. మునేరు కృష్ణకు ఉపనది, వైరా మునేరునకు ఉపనది. శ్రావణ భాద్రపదములలో మన కీసర వంతెన మీద నిలిచి చూచినవాడెవడును మునేరును అల్పమనడు.

అచ్చ తెనుగు మాటలు ఇంకను సొగసైనవి. పిన్న వయసును చెప్పును. పిల్లలమర్రి పినవీరభద్రుని పేరిలోని 'పిన' ఇంటిలోని వరుసయే గాని కవిత్వపు కొలత గాదు. శృంగారశాకుంతలము చదివినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. చిల్లర సంగతి వేరు. చిల్లర ఖర్చులో దోషము లేదు, చిల్లర మనిషిలో కలదు. దాశరథి రంగాచార్యులుగారు తమ నవలకు 'చిల్లర దేవుళ్లు' అని పేరు పెట్టి ఊరి దొరల కొలత నొక్క మాటలో తేల్చిరి. (అందు మా కరణములకును వాటా కలదు. కాదనను.) అయినను నందిగామ బస్సులో కండక్టరు చిల్లర అడిగినప్పుడు పెద్ద నోటు పట్టుకొన్నవాడే చిన్నబోవును.

మా కచేరీ కాగితములలో మైనరు మరికొన్ని వేషములు వేయును. గ్రామము మొత్తమును గాక అందు కొంత భూమిని మాత్రమే ఇనాముగా ఇచ్చినచో అది మైనరు ఇనాము. ఎంత విస్తీర్ణమైనను గ్రామముతో పోల్చినప్పుడు మైనరే. 1967లో నీరు వదలిన నాగార్జునసాగరపు ఎడమ కాలువ మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు వచ్చునది. పెద్ద కాలువ నుండి మేజరు, మేజరు నుండి మైనరు, మైనరు నుండి పంట బోదె. పెద్ద కాలువ నిండుగ పారినను మైనరు పూడినచో చివరి రైతు చేను ఎండవలసినదే. 1957 నాటి గనుల చట్టములో ఇసుకకు మైనరు ఖనిజమని పేరు. ఏటి ఇసుక లోతుగ తీసిన కొలది ఒడ్డు బావులలో నీరు దిగుట చూచిన రైతుతో ఇది చిన్న ఖనిజమని చెప్పుటకు నాకు నోరు రాదు.

ఈ మాటను నేను వినోదమునకు మాత్రము ఎత్తుకొనలేదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక రైతు చనిపోగా ఖాతా మార్చుచు ఆతని కుమారుని పేరు వ్రాసితిని. ప్రక్కన 'మైనరు, సంరక్షకురాలు తల్లి' అని వ్రాయవలసినది. పని తొందరలో వ్రాయలేదు. కుర్రవానికి పదునారేండ్లు, చూచుటకు ఇరువది యుండును. తల్లికి జబ్బు చేసినది. వాడు రెండెకరముల చేను అమ్మ జూపెను. కొనువాడు జాగ్రత్తపరుడు, నా యొద్దకు వచ్చి అడంగలు చూచుకొని, ఒప్పందపు కాగితము వ్రాయించుకొని బయానా ఇచ్చెను. ఆ డబ్బు ఆసుపత్రికి పోయినది. రిజిస్ట్రేషనునకు పోగా బడి సర్టిఫికెట్టులో వయస్సు తేలినది. మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియే చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తీర్పు కలదు.

కొన్నవాడు ధనికుడు గాడు, వడ్డీకి తెచ్చి ఇచ్చినవాడు. కుర్రవాడు మోసగాడు గాడు. రెండేండ్లు ఆ రెండిండ్లకు మాటలు లేవు. పదునెనిమిది నిండిన నాడు కుర్రవాడు తానై వచ్చి బయానాకు సరిపడ భూమి వ్రాసి ఇచ్చెను. రెండేండ్ల వడ్డీ మాత్రము కొన్నవాని నెత్తిననే పడినది. అందు సగము నేను భరింతునంటిని. ఆయన, "మీరు కావాలని చేశారా, పోనివ్వండి" అని వెడలిపోయెను. ఆ మాట నాకు తిట్టుకంటె బరువుగ తోచినది.

కౌటిల్యుని అర్థశాస్త్రములో ఇట్టివానికి 'అప్రాప్తవ్యవహారుడు' అని పేరు. వ్యవహారము ఇంకను తనను చేరనివాడు అని భావము. ఇందు తక్కువతనము లేదు, కాలము రాకపోవుటయే కలదు. ఇంతకంటె మర్యాదయైన మాటను నేను చూడలేదు. కాని కౌటిల్యుని లెక్కలో పురుషునకు పదునారేండ్లకే ఆ గడువు తీరును. ఆ లెక్కయే నేడు నడచియున్న మా కుర్రవాని కాగితము చెల్లెడిది, చేను పోయెడిది.

కావున ఆ మాటపై ఎంత మక్కువ యున్నను మన నిబంధనలలో దానిని పెట్టలేదు. 'పదునెనిమిది ఏండ్లు నిండని సభ్యులకు ఎన్నికలలో ఓటు లేదు' అని వ్రాసి ఇచ్చితిని. పొడవైనదని కార్యదర్శిగారు కొంచెము సందేహించిరి. నేను పొరుగింటి ముసలమ్మకు చదివి వినిపించితిని. "ఆ ముక్క ముందే రాయొచ్చుగా నాయనా" అన్నది.