ఇల్లు పోకముందే



ఇంగ్లండు దేశమున నిలువ నీడలేని వారికై అచటి స్థానిక పరిపాలక సంఘములు చేయు ఏర్పాట్లను గూర్చి నేడు మీకు విన్నవింతును.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనము నవ్వుకొను సంగతి. ఆ దేశమువారును చిరకాలము అట్లే చేసిరి. 1834 నాటి పేదల చట్టము ననుసరించి, దిక్కులేని కుటుంబము పనిశాలను చేరినచో, భర్తను, భార్యను, పిల్లలను వేఱువేఱుగా నుంచెడివారు. ఆ చట్టము 1948లో రద్దయినది. 1977 నాటి చట్టమువలన ఇల్లులేని వారికి వసతి చూపు విధి స్థానిక సంఘములపై పడినది. అయినను పిల్లలు గలవారు, గర్భిణులు, వృద్ధులు మొదలగువారికే ముందుగా ఆశ్రయము. ఒంటరివానికి తఱచుగా సలహాయే మిగిలెడిది.

2002లో మఱియొక చట్టము వచ్చినది. ప్రతి సంఘమును తన ప్రాంతమున ఎవరు, ఏ కారణమున ఇండ్లు కోల్పోవుచున్నారో విచారించి, ప్రణాళిక వ్రాసి ప్రకటింపవలెను. అయిదేండ్లు గడవకముందే దానిని తిరిగి వ్రాయవలెను. విచారింపగా ముఖ్యకారణములు తేటపడుచుండును: అద్దె గడువు తీరుట, బంధుమిత్రులు ఇక నుంచుకొనజాలమనుట, ఇంటిలోని హింస.

2017లో చేయబడి 2018 ఏప్రిలునుండి అమలయిన చట్టము నాకు మిక్కిలి నచ్చినది. 56 దినములలో ఇల్లు పోవునను భయము గలవాడు వచ్చి చెప్పిన చాలును. ఒంటరివాడైనను సంఘము అతనికి తోడ్పడవలెను. ఉద్యోగి అతనితో కూర్చుండి, ఎవరేమి చేయవలెనో కాగితముపై వ్రాయును. ఇంటి యజమానితో మాటలాడుట, అద్దెబాకీకి దారి చూపుట, అలిగిన తండ్రికొడుకులను సమాధానపఱచుట, క్రొత్త యింటికి బయానా సమకూర్చుట మున్నగునవి అందుండవచ్చును. ఆ యేటి అక్టోబరునుండి ఆసుపత్రులు, చెఱసాలలు సయితము అట్టివారి సంగతిని వారి సమ్మతితో సంఘమునకు తెలుపవలసియున్నవి.

అయితే ప్రణాళిక గోడలు కట్టదు. ఇచ్చుటకు అగ్గువయిండ్లు చాలనందున, 2023 మార్చినాటికి ఇంగ్లండున లక్షకు మించిన కుటుంబములు తాత్కాలికపు వసతులలో కాలము గడుపుచుండెను. అందు పెరుగు పిల్లలకు బడి యెక్కడిదో, ఇరుగుపొరుగెవరో స్థిరములేదు. కావున ముందుచూపును వలయును, ఇండ్లును వలయును. ఒకటి లేక రెండవది కుంటుపడును.

ఇందు మనము గ్రహింపదగిన దొకటి కలదు. ఇల్లు ఒక్కనాట పోదు; అప్పో, జబ్బో, కలహమో ముందుగా తలుపు తట్టును. మానధనుడు ఆ మాట పైకి చెప్పడు. సామాను వీధిన పడువఱకు ఆగక, ముందే అడిగి తెలిసికొనువాడే నిజమైన పెద్ద.