మ్యాకా? విండోసా?



అమెరికాలో ఉన్న మా అబ్బాయి నాకు మ్యాక్ కొనిపెడతానన్నాడు. మంచి యంత్రమే, తెలుగు అందులోనూ వస్తుంది. కానీ మన అవసరం వేరు. ఏటా "బతికే ఉన్నాను" అని రుజువు చూపకపోతే పింఛను ఆగిపోతుంది. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ ప్రోగ్రామును విండోస్ కంప్యూటరుకు, ఆండ్రాయిడ్ ఫోనుకు తయారుచేశారు. వేలిముద్ర యంత్రం తగిలిస్తే ఇంట్లోనే పని పూర్తవుతుంది. అందుకే విండోసే చాలన్నాను.

పాతది కొనేవారు ఒకటి గమనించండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11 నడిచేదే తీసుకోండి.

వీడియోలు, సంగీతం చేసే మనవలకు మ్యాక్ నచ్చవచ్చు. మనకు మాత్రం, మైపాడులో చెడితే నెల్లూరు దాటకుండా బాగయ్యేదే మేలు.

సెలవు.