కాలు తీయకముందు అడగవలసిన మాట

(తెలుగువారి ఆరోగ్య సదస్సులో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



నేను రక్తనాళాల వైద్యుణ్ణి. నేను చెప్పదలచినది ఒక్కటే. పుండు మానలేదనో, వేలు నల్లబడిందనో కాలు తీయాలని ఎవరైనా అన్నప్పుడు, "రక్తనాళాలను పరీక్షించారా? మూసుకుపోయిన నాళాన్ని తెరవడానికి వీలుందా?" అని అడగండి.

కొన్నేళ్ల కిందట కృష్ణగిరి వైపునుండి ఒక రైతు నా వద్దకు వచ్చారు. "నాలుగు గట్లు దాటితే పిక్క పట్టుకొంటుందయ్యా. రవ్వంత సేపు నిలబడితే వదిలిపోతుంది" అన్నారు. అంతకుముందు చూపించుకున్న చోట ఆయన మాట వారికి తెలియలేదు. నొప్పి మాత్రలిచ్చి పంపారు. ఏడాది గడిచింది. నేను చూసేనాటికి బొటనవేలు నల్లబడింది. నిజానికి జబ్బు గుర్తంతా ఆయన చెప్పిన ఆ రెండు మాటల్లోనే ఉంది.

కాలికి రక్తం తీసుకుపోయే ధమని గోడల్లో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. నడిచేటప్పుడు కండరానికి ఎక్కువ రక్తం కావాలి. అది అందక పిక్క పట్టేస్తుంది. పొగాకు, మధుమేహం దీనికి ముఖ్య కారణాలు. మధుమేహంతో నరాలు మొద్దుబారినవారికి నొప్పి తెలియకపోవచ్చు. పుండు పడ్డాకనే బయటపడుతుంది.

దీన్ని పట్టే పరీక్ష తేలికైనది. చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించాలి. 0.90 గాని, అంతకు తక్కువ గాని వస్తే జబ్బు ఉన్నట్టే. మధుమేహంవల్ల ధమనులు గట్టిపడితే ఈ లెక్క తప్పవచ్చు. అప్పుడు కాలివేలి రక్తపోటు, డాప్లర్ పరీక్ష చూడాలి.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఛార్లెస్ డాటర్ అనే వైద్యుడు 82 ఏళ్ల వృద్ధురాలి కాలి ధమనిని క్యాథెటర్‌తో తెరిచారు. కాలు తీయించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇరుకైన చోట సన్నని తీగను, దానిమీదుగా గొట్టాలను పంపి ఆయన దారిని వెడల్పు చేశారు. ఆమె కాలు నిలిచింది. 1974లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ గొట్టం చివర బెలూన్ అమర్చి కాలి ధమనులను తెరిచారు. 1977లో అదే పద్ధతిని గుండె ధమనికి వాడారు. గుండెకు చేసే బెలూన్ చికిత్స మనందరికీ తెలుసు. అది కాలిలో పుట్టిందని తెలిసినవారు తక్కువ.

సాధారణంగా గజ్జల వద్ద మత్తుసూది ఇచ్చి, చిన్న రంధ్రం ద్వారా క్యాథెటర్‌ను పంపుతాము. రంగు మందు ఎక్కించి, ఎక్స్‌రే తెరపై చూస్తూ బెలూన్ ఉబ్బిస్తాము. అవసరమైతే స్టెంట్ అమర్చుతాము. రంగు మందు మూత్రపిండాలకు హాని చేయవచ్చు కనుక ముందే వాటిని పరీక్షించాలి.

ఇది అందరికీ సరిపడదు. కాలి ప్రాణానికే ముప్పు వచ్చినవారిలో, వాడదగిన మంచి సిర ఉంటే బైపాస్ మెరుగని 2022లో వెలువడిన బెస్ట్-సిఎల్‌ఐ అధ్యయనం చూపింది. తెరిచిన నాళం మళ్లీ మూసుకోవచ్చు. చుట్ట, బీడీ మానకపోతే, మందులు వాడకపోతే మా శ్రమ వృథాయే.

ఆ రైతు నాళాన్ని తెరిచాము. బొటనవేలు పోయింది, పాదం దక్కింది. ఏడాది ముందు వచ్చి ఉంటే వేలు కూడా దక్కేదేమో.

కనుక మీ ఇంటి పెద్దల పాదాలను రోజూ చూడండి. నడిస్తే పిక్క పడుతోందా అని మన మాటలో అడగండి. వారు చెప్పినది చెప్పినట్టుగా వైద్యునికి చేరవేయండి.