కారు పొగగొట్టము: బలమా, శబ్దమా?

కమలాపురము, ఎఱ్ఱగుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతములనుండి చదువులకును కొలువులకును అమెరికా మొదలగు దేశములకు వెళ్లిన యువకులు నేడు పెక్కుమంది ఉన్నారు. వారిలో కొందఱు నాలుగు డబ్బులు చేతికి రాగానే జపాను దేశపు స్పోర్ట్సు కారును, తఱచుగా ఇతరులు వాడి అమ్మినదానిని, కొనుచుందురు. కొన్న కొలది దినములకే, పొగగొట్టము మార్చినచో ఇంజనుకు బలము వచ్చునను మాట చెవిని పడును. ఆ మార్పునకు వందల డాలర్లు, ఒక్కొక్కప్పుడు వేలు కూడ పట్టును. ఇక్కడ ఇంటివద్ద మోటారు సైకిలు గల తమ్ముడును ఇదే మాట విని సైలెన్సరు విప్పించుచుండును. ఈ సొమ్ము బలమునకు పోవుచున్నదా, శబ్దమునకు పోవుచున్నదా అను సంగతి కొంచెము విచారింతము.

కమలాపురము మీదుగా పోవు నాటి మద్రాసు–బొంబాయి రైలుమార్గముపై ఆవిరి యింజనులు నడచిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ యింజను చేసిన "ఛుక్ ఛుక్" అను ధ్వని వట్టి ధ్వని కాదు. సిలిండరులో పని ముగిసిన ఆవిరిని పొగగొట్టము క్రింద ఒక సన్నని మూతిగుండ పైకి చిమ్మించెడివారు. ఆ చిమ్ముడు తనతోపాటు పొగను లాగికొనిపోవగా, పొయ్యిలోనికి క్రొత్తగాలి వచ్చి నిప్పు రగిలెడిది. పోవునది వచ్చుదానికి దారి చూపెడిదన్నమాట. టర్బో లేని కారు ఇంజనుకు పొగగొట్టము చేయగల మేలు కూడ ఇట్టిదే.

టర్బో గల ఇంజనులో పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రబలముతో గాలి సిలిండరులోనికి బలవంతముగా నెట్టబడును. చక్రము దాటిన తరువాత పొగకు అడ్డు ఎంత తగ్గిన అంత మేలు. కనుక అట్టి కారులో గొట్టము మార్చినవారికి స్పష్టమైన ఫలితము కనబడవచ్చును. టర్బో లేని ఇంజను తన ఊపిరిని తానే పీల్చుకొనవలెను. మొదటిదాని అనుభవమును రెండవదానికి అన్వయించుటవలననే పెక్కుమంది సొమ్ము వృథా యగుచున్నది.

నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 మారులు పొగను వెలిగ్రక్కును. నాలుగును కలిసి 200 మారులు. ఆ పొగ ఏకధారగా గాక త్రోపులు త్రోపులుగా పోవును. త్రోపు వెంట ఒత్తిడి తగ్గిన అల యొకటి వెనుకకు వచ్చును. గొట్టముల పొడవును, అవి కలియు చోటును సరిగా కుదిరినచో, ఆ అల సిలిండరులో మిగిలిన పొగను లాగివేసి క్రొత్త మిశ్రమమునకు చోటిచ్చును. "ఇంజనుకు వెనుక ఒత్తిడి ఉండవలెను" అని వాడుకలో నున్న మాట సరియైనది కాదు. కావలసినది ఒత్తిడి కాదు, వేగము. గొట్టము మిక్కిలి సన్ననిదైనచో పొగకు అడ్డు తగులును. మిక్కిలి వెడల్పైనచో వేగము చచ్చి, వీధులలో నడపునప్పటి తక్కువ చుట్లవద్ద లాగుడు తగ్గును. సన్నని కాలువలో వడిగా పాఱు నీరు వెడల్పైన ఇసుకయేటిలో మందగించుట పాపాఘ్ని ఒడ్డున పుట్టినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

పొగదారిలో ఇంజనును అంటియుండు మొదటి భాగము హెడ్డరు. బలము మారునది ముఖ్యముగా ఇచ్చటనే. నాలుగు గొట్టములును ఒక్కచోట కలియు హెడ్డరు సాధారణముగా హెచ్చు చుట్లవద్ద మేలు చేయును. మొదట రెండు జంటలై, పిదప ఒకటిగా కలియునది నడిమి చుట్లవద్ద లాగుడు నిచ్చును. ఇంటినుండి కొలువునకు పోయి వచ్చువానికి రెండవదే తగినది. హెడ్డరు మార్చినప్పుడు ఇంజను కంప్యూటరులో గాలి, పెట్రోలు పాళ్లను తిరిగి సరిచేయింపవలసి రావచ్చును. ఆ ఖర్చును కూడ ముందే లెక్కించుకొనవలెను.

అన్ని కార్లకును ఈ మార్పు ఒకే ఫలము నీయదు. 1989లో వచ్చిన మాజ్దా మియాటాకు కర్మాగారమే మంచి స్టీలు గొట్టముల హెడ్డరును అమర్చినది. 1999లో వచ్చిన హోండా ఎస్ 2000 జపాను నమూనా రెండు లీటర్ల ఇంజనుతో, టర్బో లేకయే, 250 అశ్వశక్తి నిచ్చినది. అంతగా పిండిన చెఱకులో మిగులు రసము కొంచెమే. 2012లో వచ్చిన టొయోటా 86 సంగతి వేఱు. దానికి నడిమి చుట్లవద్ద లాగుడు తగ్గు పల్ల మొకటి కలదు. తగిన హెడ్డరును, కంప్యూటరు సవరణయు కలిసి ఆ పల్లమును చాలవఱకు పూడ్చగలవు.

హెడ్డరు పిదప నుండునది కెటలిటిక్ కన్వర్టరు. ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల సాయముతో ఇది పొగలోని విషవాయువులను తగ్గించును. బలము కొఱకు దీనిని తీసివేయుట తగదు. అమెరికాలో అది చట్టవిరుద్ధము. కాలిఫోర్నియాలో హెడ్డరునకు సయితము ఆ రాష్ట్రపు వాయు వనరుల మండలి అనుమతి సంఖ్య ఉండవలెను. కారు పొగగొట్టపు ధ్వని 95 డెసిబెల్లు మించరాదు. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ప్రతి వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని నిర్దేశించినవి. అనుమతి లేని మార్పునకు 2019 సవరణ చట్టము ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, ఆఱు నెలలవఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది.

కన్వర్టరునకు వెనుక నుండు గొట్టమును, సైలెన్సరును మార్చుటయే ఎక్కువమంది చేయు పని. టర్బో లేని కారులో దీనివలన వచ్చు బలము మిక్కిలి స్వల్పము. మారునది ధ్వని; కొన్నిట బరువు కొంచెము తగ్గును. మంచి ధ్వనిని కోరుట తప్పు కాదు. కాని దానిని బలమనుకొని కొనరాదు. కొనుటకు ముందు ఆ గొట్టమున్న కారులో కూర్చుండి, పెద్ద రోడ్డుపై ఒకే వేగమున పది నిమిషములు పోయి చూడవలెను. నిలిచియున్నప్పుడు ఇంపుగా నున్నది ప్రయాణములో తలనొప్పి పుట్టించు రొదగా మారవచ్చును. పది డెసిబెల్లు పెరిగినచో చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచును. తెల్లవారుజామున కారు బయలుదేఱునప్పుడు ఆ రెట్టింపు, ప్రక్కయింటి పసిబిడ్డకును, రోగికిని కూడ చేరును.

అమ్మువాడు బలము పెరిగిన దనినచో, అదే కారుపై, అదే దినమున, మార్పునకు ముందును వెనుకను తీసిన డైనమోమీటరు గీతలను అడుగవలెను. శిఖరపు అంకెను మాత్రమేగాక, దినమును మనము వాడు చుట్లవద్ద గీత పెరిగినదా, తగ్గినదా అని చూడవలెను. మంచు కరుగుటకు రోడ్డుపై ఉప్పు చల్లు ఊళ్లలో మామూలు ఇనుపగొట్టము త్వరగా తుప్పు పట్టును. అచ్చట స్టెయిన్‌లెస్ స్టీలు మేలు.

వాడిన కారు కొన్నవారు మొదట పాత గొట్టము అతుకులలో పొగ కాఱుచున్నదేమో చూపించుకొనవలెను. ఆక్సిజన్ కొలుచు పరికరమునకు ముందు చిన్న చిల్లు ఉన్నను కంప్యూటరు తప్పు లెక్క వేయును. ఆ పిమ్మట బ్రేకులు, టైర్లు. అవి బాగైన తరువాత సొమ్ము మిగిలినచో, బలము కోరువారు అనుమతి గల హెడ్డరును, ధ్వని కోరువారు నెమ్మదియైన సైలెన్సరును ఎంచుకొందురు గాక. దూరదేశమున నున్న కుమారుడు ఫోనులో ఈ సంగతి ఎత్తినప్పుడు, ఆ గొట్టము దేనికొఱకని తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న వేయుట మంచిది. దానికి సరియైన జవాబు దొరకువఱకు కొనుగోలు ఆగినను కారునకు వచ్చు నష్టమేమియు లేదు.